తూర్పు కనుమలను పిల్లలకు సముద్రం ఒడ్డు నుంచి శిఖరాల దాకా చూపించాలంటే ఏ దారిన వెళ్లాలి?

భూగోళం_మాస్టారు

తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మందికి రెండు రోజుల క్షేత్ర పర్యటన ఏర్పాటు చేస్తున్నాం. విశాఖ నుంచి బస్సులో బయలుదేరతాం. బొర్రా గుహల్లో ఫొటోలు దిగి, అరకులో భోంచేసి వెనక్కి వచ్చేస్తే చాలదు. తూర్పు కనుమలు ఎలా ఏర్పడ్డాయో, అక్కడి నీళ్లు ఎటు పోతాయో, ఆ కొండల మీద ఎవరు ఎలా బతుకుతున్నారో ఒకే వరుసలో అర్థం కావాలి.

పిల్లలు అడుగుతున్న ప్రశ్నలు ఇవి. ఎత్తయిన శిఖరం ఒక్కో పుస్తకంలో ఒక్కోటి ఎందుకుంది? పడమటి కనుమలు గోడలా ఉంటే ఇవి ముక్కలు ముక్కలుగా ఎందుకున్నాయి? సింహాచలం కొండ, కైలాసగిరి కూడా తూర్పు కనుమలేనా? ఈ కొండలు వానను ఎందుకు ఆపవు? వీటికి జవాబులు దారిలోనే కళ్లకు కనపడాలి. పండుగలు, చరిత్ర కూడా అందులోనే కలిసి రావాలి, విడిగా మరో పాఠం చెప్పినట్టు ఉండకూడదు. ఏ వరుసలో వెళ్లాలి, ఏ నెల మంచిది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

గోస్తనీ_గట్టు

మాస్టారూ, ఒక నదిని పట్టుకుని ఎగువకు వెళ్లండి. మీకు గోస్తని సరిగ్గా సరిపోతుంది. అనంతగిరి కొండల్లో పుడుతుంది, బొర్రా గుహల కిందుగా పారుతుంది, తాటిపూడి జలాశయంలో నిలుస్తుంది, జామి, పద్మనాభం మీదుగా వచ్చి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 120 కిలోమీటర్లే. ఒక నది మొత్తం కథ రెండు రోజుల్లో చూపించే వీలు అన్నిచోట్లా దొరకదు. అందరూ అరకులో మొదలుపెట్టి కిందికి దిగుతారు. మీరు సముద్రం దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కండి. అప్పుడే ఎత్తు ఒంటికి తెలుస్తుంది.

ఉదయం ఏడింటికల్లా భీమిలి సంగమం దగ్గర ఉండాలి. ఒడ్డున తడి ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. ఆ ఇసుకను కాగితం మీద పలచగా ఆరబోసి, కాగితం కింద గట్టి అయస్కాంతం ఆడించమనండి. మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు వెంటనే లేచి నిలబడతాయి. ఇనుము, టైటానియం కలిసిన ఇల్మెనైట్ మామూలు అయస్కాంతానికి సరిగా స్పందించదు, అందుకే పిల్లలు ‘ఇందులో ఇనుము లేదు’ అని పొరపడతారు. స్పీకరులో వాడే పెద్ద అయస్కాంతమో, నియోడిమియం బిళ్లో తీసుకెళ్లండి. ఇసుక బాగా ఆరి ఉండాలి, తడిగా ఉంటే రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఏదీ కదలదు. భూతద్దంతో చూస్తే గులాబీ రంగు రేణువులు కూడా దొరుకుతాయి. అవి గార్నెట్. చిన్న సీసాలో రెండు చెంచాల ఇసుక వేసుకుని బస్సెక్కండి. సాయంత్రం ఘాట్‌లో అదే గార్నెట్ రాతిలో ఎర్రటి చుక్కల్లా కనిపించినప్పుడు, కొండ అరిగి సముద్రానికి చేరిందన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అక్కడికి దగ్గర్లోనే, విశాఖ రోడ్డు పక్కన, ఎర్రమట్టి దిబ్బలు. మంచుయుగంలో సముద్రమట్టం బాగా తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి తోసి దిబ్బలు పోసింది. ఇసుకలోని బరువు ఖనిజాలు శిథిలమై, వాటి ఇనుము తుప్పుగా రేణువుల చుట్టూ పూతపట్టింది. ఎరుపు అక్కడి నుంచి వచ్చింది. దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా భారత భూగర్భ సర్వే సంస్థ గుర్తించింది. గండ్ల అంచుల మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి. అది రాయి కాదు, కాస్త గట్టిపడిన ఇసుక. నలుగురు నిలబడితే అంచు విరిగి జారుతుంది. వాన పడిన మర్నాడు అసలు వద్దు. వాగు అడుగున నడిచి, తలెత్తి పొరలు చూపించడమే సరైన పద్ధతి.

భీమిలి వెనుక పావురాలకొండ ఉంది. మధ్యలో నరసింహస్వామి గుడి, పైన బౌద్ధ విహారపు శిథిలాలు. ఎక్కడానికి సమయం లేకపోతే బస్సు పైదాకా వెళ్లే తొట్లకొండకు వెళ్లండి. అక్కడ రాతిలో తొలిచిన నీటి తొట్లు చూపించాలి. నదీముఖం పక్కన, ఓడలు కనపడే ఎత్తులో, వాననీరు పట్టుకునే రాయి ఉన్నచోట భిక్షువులు ఆరామాలు కట్టుకున్నారు. తొట్లకొండ తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా దొరికాయి. బావికొండ, వంశధార దగ్గరి శాలిహుండం, అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ, రామతీర్థం కొండలు అన్నీ ఈ లెక్కలోవే. కొండ, రేవు, నీరు మూడూ కలిసిన చోటు ఎంచుకున్నారని పిల్లలు పటం మీద తామే కనిపెట్టగలరు.

అక్కడి నుంచి పద్మనాభం. 1794 జులై 10న విజయనగరం రాజు రెండో విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది ఇక్కడే. పది నిమిషాలు ఆగి చెప్పి సాగిపోండి. తాటిపూడి గట్టు మీద మాత్రం అరగంట ఆగండి. మీ బడి కుళాయిలో వచ్చే నీటికి, ఎదురుగా కనపడే కొండలకు లంకె అక్కడ తెలుస్తుంది. విశాఖ నగరానికి తాగునీరు ఇచ్చే జలాశయాల్లో ఇదొకటి.

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. బొర్రాకు మధ్యాహ్నం మూడుకల్లా చేరాలి, సాయంత్రానికి మూసేస్తారు. గుహల ఎత్తు సముద్రమట్టానికి 705 మీటర్లు. పొద్దున్న సున్నా దగ్గర ఉన్న పిల్లలు అక్కడికి ఎక్కారు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, పట్టులేని చెప్పులతో జారతారు. రాత్రి బస అరకులో, 911 మీటర్ల దగ్గర. అదే సమయానికి భీమిలిలో ఉన్న ఎవరినైనా ఫోన్లో ఉష్ణోగ్రత అడగండి. ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గాలన్న సూత్రం ఎంతవరకు నిలబడిందో లెక్క కట్టించవచ్చు. నీళ్లు మరిగించి థర్మామీటరు పెడితే 97 డిగ్రీల దగ్గరే మరుగు మొదలవుతుంది.

రాతిపొర

పై వరుస బాగుంది. రాళ్ల సంగతి, శిఖరం సంగతి నేను చెప్తాను.

పాత పాఠ్యపుస్తకాల్లో మహేంద్రగిరి అని రాశారు. దాని ఎత్తు 1,501 మీటర్లు. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు. పాడేరు ప్రాంతంలోని జిందగడ–అర్మకొండ 1,680 నుంచి 1,690 మీటర్ల దాకా లెక్కకు వస్తుంది, ప్రస్తుతం ఎత్తయినదిగా చెప్పేది దాన్నే. మరి అందరి కళ్లూ మహేంద్రగిరి మీదే ఎందుకు పడ్డాయి? అది సముద్రానికి ముప్ఫై కిలోమీటర్లలోపే, దాదాపు మైదానం మీద నుంచి ఒక్కసారిగా లేస్తుంది. ఓడలో వెళ్లేవాడికీ కనపడుతుంది, మందసలో పొలం దున్నేవాడికీ కనపడుతుంది. అర్మకొండ తొమ్మిది వందల మీటర్ల పీఠభూమి మీద కూర్చుంది, చుట్టూ కొండలే. దగ్గర నిలబడి చూస్తే ఏడెనిమిది వందల మీటర్ల కొండలాగే ఉంటుంది. సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు వేరు, పాదం నుంచి శిఖరం దాకా కనపడే ఎత్తు వేరు. ఈ తేడా బోర్డు మీద రెండు గీతల్లో గీసి చూపించండి. పురాణాల్లో ఏడు కులపర్వతాల్లో ఒకటిగా, పరశురాముడి తపోభూమిగా పేరు తెచ్చుకున్నది మహేంద్రం కావడానికి ఈ కనపడే ఎత్తే కారణమని నా అభిప్రాయం. పైన పాండవుల పేర్లతో, కుంతి పేరుతో రాతి గుళ్లున్నాయి. గాంగ రాజుల కులదైవం గోకర్ణేశ్వరుడు ఉన్నదీ ఆ కొండ మీదే. వాళ్ల రాజధాని కళింగనగరం, ఇప్పటి ముఖలింగం, వంశధార ఒడ్డున ఉంది.

ముక్కలుగా ఎందుకున్నాయంటే రెండు కారణాలు. దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉంది. గోదావరి, కృష్ణ పడమటి కనుమల్లో పుట్టి ఆ వాలు వెంటే వస్తాయి, ఈ కొండల్ని కోసుకునే సముద్రానికి పోవాలి. మహానది, పెన్న కూడా అలాగే కోశాయి. పాపికొండల దగ్గర ఆ కోత కళ్లారా కనపడుతుంది. గోదావరికీ కృష్ణకూ మధ్య కొండల వరుస దాదాపు మాయమైపోతుంది, కొండపల్లి లాంటి చిన్న గుట్టలు మాత్రం మిగిలాయి. రెండో కారణం, పటంలో ఒకే పేరుతో రాసినా ఇది ఒకే రాతితో ఒకే కాలంలో లేచిన శ్రేణి కాదు. ఉత్తర భాగంలోని రాళ్లు సుమారు వంద కోట్ల ఏళ్ల నాడు భూమి లోతుల్లో ఉడికి, నలిగి, మడతలు పడ్డవి. అప్పట్లో ఇవి అంటార్కిటికాతో అతుక్కుని ఉండేవి. అదే రాతి పట్టీ ఇప్పటికీ అక్కడి ఎండర్బీ లాండ్ వైపు మంచు కింద సాగుతుంది.

ఘాట్‌లో పిల్లలు గుర్తుపట్టాల్సిన రాళ్లు రెండే. ఖోండలైట్: ఎర్రగా, గోధుమరంగుగా ఉంటుంది, చారలు చారలుగా ఉంటుంది, గార్నెట్ చుక్కలు, సన్నని తెల్లటి సూదుల్లాంటి సిల్లిమనైట్ కనపడతాయి, పైపొర చేత్తో నలిపితే రాలుతుంది. కోణార్క ఆలయం కట్టింది ఈ రాతితోనే, సముద్రపు ఉప్పుగాలికి అది అరిగిపోతున్నదీ ఇందుకే. చార్నొకైట్: నీలం కలిసిన నలుపు, నూనె రాసినట్టు జిగి, చారలు ఉండవు, సుత్తితో కొడితే ఖంగుమంటుంది. రోడ్డు కంకర క్వారీలు ఎక్కువగా దీని కోసమే. పిల్లల చేతికి సుత్తి ఇవ్వకండి. రోడ్డు పక్కన పడి ఉన్న ముక్కలు చాలు. బొర్రా మాత్రం వేరు. ఖోండలైట్ల మధ్య ఇరుక్కున్న స్ఫటికీకృత సున్నపురాయి పట్టీని నీరు కరిగించి తొలిచింది. అందుకే ఆ చుట్టుపక్కల అంత పెద్ద గుహ మరోటి లేదు.

సింహాచలం కొండ, కైలాసగిరి కూడా ఖోండలైటే. చుట్టూ ఉన్నది అరిగిపోగా మిగిలిన గుట్టలవి. ప్రధాన శ్రేణి నుంచి విడిపోయినా రాతి వంశం ఒకటే. కాబట్టి పిల్లలకు ‘అవును, ఇవీ తూర్పు కనుమలే’ అని ధైర్యంగా చెప్పొచ్చు.

ఇక నీటి సంగతి. దీన్ని మాత్రం వదలకండి. వెయ్యి మీటర్లు దాటిన కొండల నెత్తిన, గాలికొండ, రక్తకొండ లాంటి చోట్ల, ఖోండలైట్ లక్షల ఏళ్లు నానిపోయి బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) టోపీగా మారింది. అది బెజ్జాల రాయి. వానను ఇట్టే పీల్చుకుంటుంది. దాని కింద బంకమట్టి పొర ఉంటుంది, నీరు అక్కడ ఆగి పక్కకు జరిగి కొండ పక్కల ఊటలుగా బయటికొస్తుంది. ఎండాకాలంలోనూ గెడ్డలు పారడానికి కారణం అదే. పై టోపీ తవ్వేస్తే వాన పడ్డ నీరు పడ్డట్టే జారి పోతుంది, వానాకాలంలో వరద, వేసవిలో ఎండిన గెడ్డ. ఈ కొండల్లో బాక్సైట్ తవ్వకాన్ని గిరిజనులు ఏళ్ల తరబడి వ్యతిరేకించడంలో ఈ ఊటల లెక్క ఉంది. కొండ దిగువన శారద నది మీది రైవాడ జలాశయం, గోస్తని మీది తాటిపూడి నిండాలన్నా ఆ ఊటలే దిక్కు.

మన్యం_దారి

మాస్టారూ, రెండో రోజు అరకు నుంచి పాడేరు రండి. దిగేటప్పుడు మాడుగుల ఘాట్ మీదుగా చోడవరం చేరొచ్చు. ఎక్కిన దారిన దిగక్కర్లేదు.

పాడేరు ప్రాంతంలో ముందు చూపించాల్సింది మత్స్యగుండం. శివుణ్ణి మత్స్యలింగేశ్వరుడిగా కొలుస్తారు. మడుగులో చేపల్ని ఎవరూ పట్టరు. శివరాత్రికి జాతర. అక్కడ పారే నీరు మాచ్‌ఖండ్. మాడుగుల కొండల్లో పుట్టి, సముద్రం అంత దగ్గర్లో ఉన్నా దానివైపు తిరగదు. ఉత్తరానికి వెళ్లి, ఒడిశా సరిహద్దు వెంట సాగి, డుడుమ దగ్గర దూకి, దక్షిణానికి మళ్లి సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. ఒకే కొండకు తూర్పు వాలున పడ్డ వాన శారదలో చేరి అనకాపల్లి మీదుగా నేరుగా సముద్రానికి పోతుంది. పడమటి వాలున పడ్డ వాన మాచ్‌ఖండ్, సీలేరు విద్యుత్ కేంద్రాల టర్బైన్లు తిప్పి, ఎన్నో వందల కిలోమీటర్లు తిరిగి గోదావరి మీదుగా వస్తుంది. నీటి విభజన రేఖకు ఇంతకన్నా మంచి ఉదాహరణ మన రాష్ట్రంలో నాకు తోచదు.

ఈ కొండల మీద భగత, వాల్మీకి, కొండదొర, కోదు, పోరజ, గదబ, కోటియా, నూకదొర తెగలున్నాయి. సీతంపేట వైపు సవరలు, జాతాపులు. పాపికొండల వైపు కొండరెడ్లు. కోదులు కువి మాట్లాడతారు, గదబ, సవర భాషలు మనకు తెలిసిన ద్రావిడ భాషలకు సంబంధం లేని ముండా కుటుంబానివి (గదబల్లో ఒక శాఖ భాష మాత్రం ద్రావిడమే). ‘గిరిజనులు’ అని ఒక్క మాటలో చెప్పి ముగించొద్దు. ఏ ఊరికి వెళ్తే ఆ ఊళ్లో ఏ తెగవారు ఉన్నారో ముందే తెలుసుకుని పిల్లలకు చెప్పండి.

పండుగలు పంటల వరుసనే నడుస్తాయి. చైత్రంలో ఇటుకల పండుగ. విత్తనాలు దేవుడి దగ్గర పెట్టి పంచుకుంటారు, మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ డబ్బులు అడుగుతారు. ఆ రోజుల్లో వెళ్తే చిల్లర దగ్గర ఉంచుకుని సంతోషంగా ఇవ్వండి. బస్సు డ్రైవర్లు అడ్డగింత అనుకుని గొడవ పడటం చాలా చెడ్డగా ఉంటుంది. తర్వాత పంట చేతికొచ్చే కొద్దీ కొత్తల పండుగలు. కొత్త కాయ, కొత్త గింజ ముందు దేవతకు పెట్టాకే ఇంట్లో ముడతారు. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర మూడు రోజులు జరుగుతుంది, మైదానం నుంచీ జనం తరలివస్తారు.

థింసా చూపిస్తారు కదా, వేదిక మీద ఒక్క నాట్యంలా చూపించి వదిలేస్తారు. అందులో రకాలున్నాయి. బోడ థింసా గ్రామదేవత కోసం. గొడ్డి బేట థింసా ముందుకు వంగి లేచే కదలిక. పొటర్ తోల ఆకులు కోసే కదలిక. బాగ్ థింసా పులి దాడి. నటికారి దీపావళికి. చేతులు వెనక్కి ఒకరి నడుము మీదుగా ఒకరు పెనవేసి వరుసగా నడుస్తారు. డప్పు, తుడుము, కిరిడి, మోరి వాయిస్తారు. పిల్లలకు పేరు పేరునా అడిగి చూపించమని కోరండి, కళాకారులకు డబ్బు ముందే మాట్లాడుకుని ఇవ్వండి.

చరిత్ర ఘాట్ రోడ్డులోనే ఉంది. 1839లో చేసిన చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి వేరుచేసి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టారు. ఏజెన్సీ అని ఇప్పటికీ అంటున్నది అందుకే. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును, అడవిలో తిరగడాన్ని కట్టడి చేసింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా వేసిన రోడ్డు పనిలో కూలి సరిగా ఇవ్వకుండా వెట్టి చేయించారు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను పట్టుకుని ఆయుధాలు తీసుకున్నాడు. ఈ మూడు ఊళ్లనూ పటం మీద కలిపి, మధ్యలో కొండల్ని చూపించండి. మూడు రోజుల్లో ఆ దూరం నడిచింది రోడ్డు మీద కాదు, కొండదారుల్లో. గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్లకు ఆ దారులు తెలుసు, వచ్చిన సైన్యానికి తెలియదు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయిందీ అలాంటి ఇరుకు దారిలోనే. రాజును 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

పెద్ద తరగతుల పిల్లలకు 1/70 అనే భూచట్టం గురించి కూడా రెండు మాటలు చెప్పొచ్చు. 1959 భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిచేశారు, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఉండటానికి. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమతా తీర్పు, ప్రభుత్వం కూడా ఆ భూముల్ని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. మీరు మొదటి రోజు చూసే బొర్రా ఉన్నది ఆ మండలంలోనే.

ఊళ్లోకి వెళ్లేముందు పెద్దలను అడగాలి. ఇళ్ల ముందు, దేవుడి చెట్ల దగ్గర ఫొటోలకు అనుమతి అడగాలి. పిల్లలకు చాక్లెట్లు విసరడం మాన్పించండి. సంత రోజు కలిసొస్తే అంతకు మించిన పాఠం లేదు, ఊరికో వారం ఉంటుంది కాబట్టి ముందే కనుక్కోండి. పసుపు, రాజ్మా, పిప్పళ్లు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, మిరియాలు, చోళ్లు, సామలు: ఏది ఏ ఎత్తున పండుతుందో, ఏది అడవిదో, ఏది పొలానిదో అమ్మేవాళ్లనే అడిగి పిల్లలు పట్టిక రాసుకోవచ్చు.

భూగోళం_మాస్టారు

చాలా ఉపయోగపడింది అందరికీ. వాన గురించి, నెల గురించి ఇంకా స్పష్టత కావాలి. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీది నుంచి కనపడే మేఘాలు కూడా చూపించమని పిల్లలు పట్టుబడుతున్నారు.

వానలెక్క

నైరుతి గాలులు పడమటి కనుమలకు అడ్డంగా వచ్చి కొట్టుకుంటాయి. తూర్పు కనుమల దగ్గరికొచ్చేసరికి గాలి చాలావరకు శ్రేణికి సమాంతరంగా సాగుతుంది, పైగా మధ్యలో నదులు తెరిచిన ఖాళీలు. గోడకు వారగా వెళ్లే గాలి పైకి లేవదు, లేవని గాలి చల్లబడదు, చల్లబడని గాలి వానివ్వదు. మన వాన ఎక్కువగా వచ్చేది బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనాలు, వాయుగుండాలు ఒడ్డు దాటినప్పుడు. అప్పుడు గాలి సముద్రం నుంచి కొండల మీదికి నేరుగా తోసుకొస్తుంది, ఈ కొండలూ నిజంగానే వాన కురిపిస్తాయి. కాబట్టి ‘వానను ఆపవు’ అని కాదు, ‘గాలి ఎదురుగా వచ్చిన రోజునే ఆపుతాయి’ అని చెప్పండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మహేంద్రగిరి వైపు కొండల మీద కురిసిన వాన వంశధారకు వరద తెచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగా వచ్చి అరకు కాఫీ తోటల్లో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లను కూల్చేసింది.

అందుకే అక్టోబరు వద్దు. నవంబరు రెండో సగం నుంచి జనవరి దాకా మంచిది. నవంబరులో వలిసె పూలు కూడా పసుపుపచ్చగా విరబూసి ఉంటాయి. అప్పటికీ తుపాను సూచన ఉందేమో బయలుదేరే ముందు చూసుకుని, ఉంటే వాయిదా వేయండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఘాట్ల మీద చరియలు విరిగిపడతాయి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదా అదే బెడద. శిథిలమైన ఖోండలైట్ నీరు తాగితే బరువెక్కి, చారల వెంట జారుతుంది. రోడ్డు కోసం నిలువుగా కోసిన చోట కింద ఆధారం కూడా పోతుంది. అలాంటి గట్టు కింద బస్సు ఆపవద్దని డ్రైవరుకు చెప్పండి.

వంజంగిలో కనపడేది ఎక్కువగా లోయలో పట్టిన పొగమంచు. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల వేడి వదిలేస్తుంది, చల్లగాలి బరువుతో వాలు వెంట లోయలోకి దిగుతుంది, తేమ అక్కడ మంచుగా మారుతుంది. పైన వెచ్చని గాలి మూతలా ఉండటంతో మంచు పైకి రాదు. మీరు ఆ మూతకు పైన నిలబడితే తెల్లటి సముద్రం, కింద ఉంటే వట్టి మసక. లంబసింగిలో చలి అంత పడడానికీ ఈ లోయ ఆకారమే సగం కారణం. ముందురోజు వాన పడి రాత్రి తేటపడితే బాగా పడుతుంది. మబ్బు కమ్మిన రాత్రి, గాలి వీచే రాత్రి ఏమీ కనపడదు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. సూర్యోదయానికి ముప్పావు గంట ముందే పైన ఉండాలి. ఎండ ఎక్కాక గంటా రెండు గంటల్లో కరిగిపోతుంది. నలభై మందితో చీకట్లో ఎక్కాలంటే ప్రతి ఎనిమిది మందికి ఒక పెద్ద, ఒక టార్చి ఉండాలి. తడి మట్టి దారి దిగేటప్పుడే ఎక్కువ మంది పడతారు. బస్సు పైదాకా పోదు, స్థానిక జీపులు మాట్లాడుకోవాలి.

మాడుగుల ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే ఆధారపడితే బ్రేకు డ్రమ్ములు కాలి పట్టు పోతుంది. పొగమంచు ఉంటే హైబీమ్ వేయకూడదు, వెలుతురు తిరిగి కళ్లలోకే కొడుతుంది. జలపాతాల దగ్గర నీళ్లలోకి దింపడం అస్సలు వద్దు. ఎగువన కురిసిన వాన కింద ఎండగా ఉన్నప్పుడే వచ్చి పడుతుంది, నాచు పట్టిన రాయి మీద కాలు నిలవదు.

నల్లమల_వైపు

పటం గీయించేటప్పుడు ఒక్క సవరణ. కృష్ణకు దక్షిణాన ఉన్న నల్లమల, వెలికొండ, పాలకొండ, శేషాచలం కొండల్ని కూడా అదే రంగుతో నింపేస్తారు. పేరు తూర్పు కనుమలే అయినా రాయి వేరు. అవి కడప బేసిన్‌కు చెందిన క్వార్ట్‌జైట్, పలకరాయి పొరలు. పాత సముద్రం అడుగున పేరుకున్నవి. తిరుమల ఘాట్ రోడ్డులో పాత గ్రానైట్ మీద ఆ పొరలు కూర్చున్న గీత కనపడుతుంది. ఆ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల చరిత్ర రాతిలో నమోదు కాలేదు. గీతకు పైన కింద చెయ్యి పెట్టి చూపించగలిగిన చోటు అది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ దక్షిణ భాగంలోనే. జెర్డాన్స్ కోర్సర్ అనే కలివికోడిని 1986లో మళ్లీ కనుగొన్నదీ ఇక్కడే, లంకమల వైపు.

ఈ వరుస మొత్తాన్ని జనం ఆదిశేషుడి ఒళ్లుగా చూస్తారు. పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. పటంలో వంపు గీసి ఈ మూడు చుక్కలు పెట్టించండి, శ్రేణి ఆకారం పిల్లలకు ఇక మరుపు రాదు. నల్లమల చెంచులు అహోబిలం నరసింహుణ్ణి చెంచులక్ష్మి భర్తగా, తమ ఇంటి అల్లుడిగా చూసుకుంటారు. ఉత్సవాల్లో వాళ్ల పాత్ర అలంకారం కాదు, హక్కు.

గోస్తనీ_గట్టు

రాతిపొర గారు సింహాచలం కొండ మిగులు గుట్ట అన్నారు కదా, దాన్ని విశాఖ పిల్లలకు రుజువు చేసే తేలిక దారి ఉంది. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అడివివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా మళ్లీ కొండ కిందికి వస్తుంది. ఒక కొండ చుట్టూ పూర్తిగా నడిచి రాగలిగామంటే అది ప్రధాన శ్రేణికి అతుక్కుని లేదన్నమాటే. ఆ దారిని పటం మీద ఎర్ర పెన్సిలుతో గీయించండి. కొండకు ఒకవైపు గంగధార, మరోవైపు మాధవధార గుర్తు పెట్టించండి. శిథిలమైన ఖోండలైట్ పగుళ్లలో ఇంకిన వాననీరు రెండు పక్కలా బయటికొచ్చిన చోట్లు అవి, రెండుచోట్లా గుళ్లు వెలిశాయి. అనంతగిరి మీద బాక్సైట్ టోపీ కింద ఊట ఎలా వస్తుందో విన్నాక ఈ రెండు ధారలూ చూపిస్తే పోలిక వాళ్లే చెప్తారు.

మొదటి రోజు నేను రాసిన వరుసలో పద్మనాభం, పావురాలకొండ రెండూ పెట్టుకుంటే బొర్రా ఆలస్యమవుతుంది. ఒకటే ఎంచుకోండి. భీమిలిలో ఎనిమిదిన్నరకు, తాటిపూడిలో పన్నెండుకు బయలుదేరితే ఘాట్‌లో రాళ్లు చూడటానికి గంట మిగులుతుంది. ఆ గంటను దేనికీ త్యాగం చేయకండి, ఇసుక సీసా బయటికి తీయాల్సింది అప్పుడే.